ఒక్కరోజు ఆగిన గొడ్డలి

“ఆపండి! చెట్టును నరకొద్దు!”

దుర్గాశ్రీ కేకకు ఎలీషా ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఆగిపోయింది.

కపిలేశ్వరపురం ఎదుటి లంకలో, గోదావరి ఒడ్డునే ఉన్న అయిదారు కొబ్బరిచెట్ల కింద ఆడవాళ్ళు చాపలు పరుచుకున్నారు. వెల్లకిలా పడుకుని కాళ్ళు పైకెత్తి, ఊపిరి బిగబట్టి ఉన్నారు. దసరా సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చిన దుర్గాశ్రీ వాళ్ళకు పిలాటిస్ నేర్పుతోంది. నడుముకూ పొట్టకూ బలమిచ్చే వ్యాయామం అది. అదయ్యాక ధ్యానం. రెండూ నాలుగు గోడల మధ్య కాదు, చెట్ల నీడలోనే చెయ్యాలని ఆమె పట్టుదల. అందుకే అందరూ పడవెక్కి ఇక్కడికి వచ్చారు.

“నా చెట్లేనండి,” అన్నాడు ఎలీషా గొడ్డలి దించి. “దూలాలకి కొట్టుకుంటన్నానండి. పాక మొన్న ఏట్లోకెళ్ళిపోయింది. గట్టు మీద ఇల్లేసుకోవాలండి.”

“ఇల్లు రేపు కట్టుకోవచ్చు కదా!”

“రేపటికి చెట్లుండాలి కదండి. వరద తీసిందండి, నీళ్ళు దిగిపోతన్నాయి. తీసేటప్పుడే ఏరు ఒడ్డుని కోసేసుద్ది. అదిగో, బీట కూడా ఇచ్చింది.”

గడ్డిలో వేలు వెడల్పున పగులు చూపించాడు. పగులుకు అటు చెట్లు, ఇటు లంక.

భవానీదేవి చాప మీద లేచి కూర్చుంది. గట్టు పక్కన ఎలీషా ఇల్లు వేసుకోబోయే స్థలం వాళ్ళదే.

“ఈ లంకలో బీటలు ఎప్పుడు లేవు ఎలీషా? మా స్థలంలోనేగా నువ్వు ఇల్లేసుకునేది. మా మాట మీద ఒక్కరోజు ఆగలేవా? రేపు పొద్దున్నతో మా క్లాసులు అయిపోతాయి. ఆ వెంటనే మా పాలేళ్ళని కూడా పంపిస్తాను, హాయిగా కొట్టించుకో.”

“ఆయ్,” అన్నాడు ఎలీషా. అది అవుననో కాదనో ఎవరికీ తెలియలేదు.

అతని భార్య సత్తెమ్మ మోకు పట్టుకుని నిలబడి ఉంది. చెట్టు ఏటివైపు పడకుండా ఇటు లాగడానికి తెచ్చిన మోకు అది.

“నడుం వంగాలంటే మా కూడా కలుపు తీతకి రండమ్మగారూ. దానికి ఏరు దాటాలా?” అంది.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. దుర్గాశ్రీ నవ్వలేదు. ఎలీషా దగ్గరకు వచ్చింది.

“బాబాయిగారూ, ఒక్కసారి ఈ చెట్టు మీద చెయ్యి వెయ్యండి. కళ్ళు మూసుకోండి. ఊపిరి నెమ్మదిగా తీసుకోండి.”

పెద్దింటి ఆడవాళ్ళంతా చూస్తున్నారు. ఎలీషా సిగ్గుపడుతూనే చెట్టు మీద చెయ్యి వేశాడు. కళ్ళు మూసుకున్నాడు.

“ఏం కనబడుతోంది?”

అతను చెట్టు మొదలును అరచేత్తో నిమిరాడు.

“మా సత్తెమ్మండి. బిందెతో నీళ్ళు మోసుకొత్తంది. చెట్టింకా దాని మోకాలంత కూడా లేదండి. నవ్వుతా ఉంది.”

“అప్పుడు నవ్వేను. ఇప్పుడు కళ్ళు తెరిచి కొట్టవయ్యా,” అంది సత్తెమ్మ.

“చూశారా?” అంది దుర్గాశ్రీ మెల్లగా. “ఎదురుగా లేనివి కూడా కళ్ళు మూసుకుంటే కనబడతాయి. అంత ప్రాణం పోసి పెంచిన చెట్టును మీ చేత్తో ఎలా నరుకుతారు బాబాయిగారూ?”

ఎలీషా కళ్ళు తెరిచాడు. గొడ్డలి అందుకున్నాడు. ఎత్తలేకపోయాడు. బీట వైపు చూశాడు. పొద్దుటికంటే పెద్దదైనట్టు లేదు.

“ఒక్కరోజే కదే. ఆగుద్దిలే,” అన్నాడు.

“ఏరు నీతో చెప్పిందా?”

సత్తెమ్మ మోకు చుట్టి భుజాన వేసుకుంది. ఎలీషా ఒక్కొక్క చాపా పట్టుకుని, “కాస్త ఇటు లోపలికి పడుకోండమ్మా,” అంటూ బీటకు ఇవతలికి లాగాడు. ఆడవాళ్ళు మళ్ళీ కాళ్ళు పైకెత్తారు.

మర్నాడు పొద్దున్న పడవ ఎప్పుడూ ఆగే రేవులో ఆగలేదు. పడవ నడిపే కొండయ్య బాగా కిందికి తీసుకెళ్ళి ఇసుకలో ఆపాడు.

“ఇక్కడ దింపుతావేంటయ్యా?” అంది భవానీదేవి.

“రేవు లేదండి,” అన్నాడు కొండయ్య.

కొత్తగా కోసుకుపోయిన ఒడ్డు వెంబడి, చాపలు చంకన పెట్టుకుని అందరూ నడిచారు. కొంత దూరం నడిచేసరికి దుర్గాశ్రీకి ఎలీషా కనిపించాడు. ఏటికి ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్నాడు. నడుము నిటారుగా ఉంది. కళ్ళు మూసుకున్నాడు. పక్కనే గొడ్డలి పడి ఉంది. వెనకాల సత్తెమ్మ మోకు ఒళ్ళో పెట్టుకుని ఉంది.

దుర్గాశ్రీ చెయ్యెత్తి అందరినీ ఆపింది.

“ఎవరూ మాట్లాడకండి,” అంది గొంతు తగ్గించి. “ఒక్కరోజులో ఎంత మార్పో చూడండి. ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, నాకే ఇంత నిశ్చలత రాలేదు.”

ఆమె కళ్ళు చెమర్చాయి. చప్పుడు కాకుండా అతనికి కాస్త దూరంలో చాప పరుచుకుని కూర్చుంది. ఎండ మొహాన కొట్టింది. చాప నీడలోకి జరుపుకుందామని తలెత్తింది.

నీడ లేదు. పైన ఆకాశం ఉంది. ఎలీషా మోకాళ్ళ ముందే ఒడ్డు నిలువుగా తెగి ఉంది. దాని కింద ఎర్రనీళ్ళు సుడి తిరుగుతున్నాయి.

దుర్గాశ్రీ తడబడుతూ లేచి అతని దగ్గరకు వెళ్ళింది.

“బాబాయిగారూ... చెట్లేవి?”

ఎలీషా కదల్లేదు. చెయ్యి మాత్రం ముందుకు చాపి, చెట్టు మొదలును నిమురుతున్నట్టు గాలిలో నిమిరాడు.

“ఉన్నాయండి,” అన్నాడు. “కళ్ళు తెరవమనకండమ్మా, అంతే.”