గుర్రం మూల

ఆ ఉదయం ఆకాశం కురవాలా వద్దా తేల్చుకోలేక ముఖం ముడుచుకుని ఉంది. మేస్త్రీ సమ్మెట భుజాన వేసుకుని మూలమీది ఇంటికి వచ్చేసరికి, పగలగొట్టాల్సిన రాతి అరుగు మీద ఆ ఇంటి మామ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"లేవండి మామ్మగారూ. అరుగు తీసేయాలి."

"మెల్లగా మాట్లాడు నాయనా. మావాడు రాత్రి డ్యూటీ చేసొచ్చి ఇప్పుడే పడుకున్నాడు" అంటూ ఆమె వెనక కిటికీ చూపించింది. "ఎందుకు తీయడం?"

ఎందుకో ఆమెకూ తెలుసు. ఊరి శివార్లలోని ఆ పేటను గుర్రం మూల అంటారు. బస్సు కండక్టరు అదే కేక పెడతాడు. బడికీ మందుల షాపుకీ అదే పేరు. కుర్రాళ్ల ఆటల జట్టుకైతే చొక్కాల మీద గుర్రం బొమ్మే ఉంది. పేట చరిత్ర పదిమందికీ తెలియాలని మూలమీద సిమెంటు గుర్రాన్ని నిలబెట్టాలనుకుంది సంఘం. దానికి ఈ అరుగు తప్ప వేరే జాగా లేదు. మామ్మ పెనిమిటి మిల్లులో రాత్రి పని చేసేవాడు. బతికినన్నాళ్లూ పగటి నిద్ర ఈ అరుగు మీదే. ఆయన తల ఆనిన చోట రాయి అరిగి నున్నబడింది. ఆమె చెయ్యి ఇప్పుడు అక్కడే ఉంది.

"సరే, గుర్రానికి నేనెందుకు అడ్డం? ఒక్క మాట చెప్పు, లేస్తాను. ఆ గుర్రం ఎవరిది?"

మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. నిజానికి ఆ సంగతి తనకూ కావాలి. ఇనప చువ్వల చట్రం కట్టాడు గానీ, రంగేమిటో, జీను ఉండాలో లేదో ఎవరూ చెప్పలేదు. సమ్మెట అరుగుకు ఆనించి కనుక్కోవడానికి బయలుదేరాడు.

అది ఎర్రదనీ, బండి లాగేదనీ, తన తాతే దానికి గడ్డి వేసేవాడనీ పాలాయన చెప్పాడు. దర్జీ తెల్లదన్నాడు, దాని జీను కుట్టింది వాళ్ల నాన్నేనట. సంఘం అధ్యక్షుడు రిటైరైన హెడ్‌మాస్టరు. ఆయన కళ్లజోడు తుడుచుకుని, అది కారునలుపనీ, యుద్ధంలో దెబ్బతిని వచ్చి ఈ మూలమీదే ప్రాణం విడిచిందనీ చెప్పాడు. ఎవరు చెప్పారని అడిగితే, ఒకరు చెప్పేదేముంది, మూలకి పేరే ఉందిగా అన్నాడు.

మేస్త్రీ పల్లెలో పశువుల మధ్య పెరిగినవాడు. తిరిగొస్తూ ఆ సందును ఒకటికి రెండుసార్లు చూశాడు. జంతువును కట్టేసే గుంజ ఆనవాలు లేదు, నీళ్లతొట్టి లేదు. బండి వస్తే మలుపు తిరగడానికి చోటే లేదు. ఉన్నదల్లా ఆ నున్నటి రాయి. సంగతేమిటన్నది పంట్లో ఇరుక్కున్న పీచులా అతన్ని వదల్లేదు.

మధ్యాహ్నానికి ఆ ముగ్గురూ అరుగు దగ్గరికే చేరారు. లోపల నిద్రపోయే మనిషి లేస్తాడని మామ్మ పెదాల మీద వేలు పెట్టి చూపించడంతో గుసగుసగా పోట్లాడుకున్నారు. అలాంటి పోట్లాట మేస్త్రీ ఎక్కడా చూడలేదు.

"గడ్డి వేసింది మా తాత" అన్నాడు పాలాయన.

"వేసే ఉంటాడు. అందుకే అది పూటకి రెండు శేర్ల పాలిచ్చేది" అన్నాడు దర్జీ.

"ఎంగిలి పడి కొట్టుకోండి నాయనా" అని మామ్మ నాలుగు కంచాలు తెచ్చి అరుగు మీద పెట్టింది. ముద్ద నోట్లో పడగానే మాటలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో కిటికీలోంచి ఒక చప్పుడు మొదలైంది. ముందు గచ్చు మీద ట్రంకుపెట్టె ఈడ్చినట్టు, తర్వాత ఈల వేసినట్టు. కిటికీ రెక్క అదిరింది. హెడ్‌మాస్టరు చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఏమిటమ్మా అది?"

"మావాడి గుర్రు. వీడిది ఏపాటి, వాళ్ల నాన్నది వింటే తెలిసేది. బస్సు దిగినవాళ్లు ఆ చప్పుడు పట్టుకునే ఇళ్లకు పోయేవాళ్లు. మిల్లు జనం దీన్ని గుర్రు మూల అనేవాళ్లు. గుర్రు మూల దగ్గర ఆపు, గుర్రు మూల దాటాక రెండో ఇల్లు, అలా. ఇక్కడ ఏ గుర్రమూ లేదు."

ఎదుటి గోడ మీది పాత రేకు బోర్డు వైపు చూశాడు హెడ్‌మాస్టరు. "మరి దానిమీద గుర్రం అనే ఉందిగా?"

దర్జీ పాలాయన వైపు, పాలాయన కంచం వైపు చూశారు.

"అయితే ఈ అరుగు సంగతి?" అన్నాడు హెడ్‌మాస్టరు.

"గుర్రమైతే నిలబడుతుంది గానీ, గుర్రు పడుకోవాలి కదండీ" అన్నాడు మేస్త్రీ, సమ్మెటను కాలితో అరుగు కిందికి నెడుతూ. "అరుగు ఉండాలి."

కాదనేవాళ్లు లేరు. ముగ్గురూ ఎవరి గుర్రాన్ని వాళ్లు అన్నంలో కలుపుకుని మింగారు.

మామ్మ మేస్త్రీ కంచంలో ఇంకో గరిటె కూర వేస్తూ, అతనికి మాత్రమే వినపడేలా అంది:

"కొత్తగా కాపురానికొచ్చాను. పుట్టింటికి ఉత్తరం రాస్తే అడ్రసులో మొగుడి గుర్రు రాయాలాయె, సిగ్గేసింది. బోర్డు రాసేవాణ్ణి బతిమాలి, చివరి కొమ్ము తీయించి సున్నా పెట్టించాను. ఆ గుర్రం నాదే."