చేలో మందు

"ఏం జరిగినా గట్టు దిగి రాబాకక్కా," అన్నాడు దావూద్, ట్రాక్టరు ఎక్కుతూ.

బసవమ్మ తలూపింది. ఏం జరగొచ్చో ఆమెకు తెలుసు. ఆమె పక్కనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ దావూద్ భార్య జరీనాకూ తెలుసు.

పల్నాట్లో పగ పండినట్టు పత్తి కూడా పండదు. ఎనభై రెండులో ఊరు రెండు పార్టీలై కొట్టుకుంది. పొలాల్లో నాటుబాంబులు పాతారు. అటు ముగ్గురు, ఇటు ఇద్దరు పోయారు. ఏ పార్టీకీ చెందని రెండు గేదెలు కూడా పోయాయి. ఆ ఏడే బసవమ్మ భర్త వీరయ్యకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. నోట్లో రెండే మాటలు మిగిలాయి.

"చేలో... మందు."

ఊరి గుండెల్లో రాయి పడింది. ఆ రోజుల్లో మందంటే బాంబుల మందే.

"ఎన్ని పెట్టావయ్యా?" అని బసవమ్మ అడిగితే ఒక వేలు చూపించాడు. ఎక్కడంటే మాత్రం ఆమె ముఖం చూడలేక కళ్ళు మూసుకుని ఏడ్చేవాడు. కోటప్పకొండ మీద ఒట్టేసి తాగుడు మానిన మనిషి, ఈ పాడు పనికి ఎట్లా ఒడిగట్టాడో ఆమెకు అంతుబట్టలేదు. ఒక్కటేనంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. ఊరికే దున్నుకోమన్నా ఆ రెండెకరాల్లో కాలు పెట్టేవాడు లేడు. నాలుగేళ్ళుగా సొంత చేను కళ్ళెదుట బీడుపడి ఉంటే, ఆమె పరాయి చేలల్లో మిరపకాయలు కోసింది. మంచాన పడ్డ మొగుణ్ణి వదిలి ఊరు దాటలేదు, గట్టు దాటి చేలోకి దిగలేదు. బతుకంతా ఆ గట్టు మీదే ఇరుక్కుపోయింది.

ఈ ఊరి దావూద్ మిలిటరీలో మెకానిక్‌గా చేసి వచ్చి మాచర్లలో షెడ్డు పెట్టాడు. డెబ్బై ఒకటి యుద్ధం అయ్యాక సరిహద్దు పొలాల్లో మిషన్లతో మందుపాతరలు పేల్చేయడం చూసినవాడు. ఇక్కడా ఆ పని చేయాలని పట్టుబట్టాడు. దుర్గిలో బరువైన రాతి రోలరు చెక్కించి, పొడుగాటి ఇనప దూలాలతో ట్రాక్టరు ముందు బిగించాడు. సీటు ముందు మందపాటి రేకు అడ్డం పెట్టాడు. నిన్న షెడ్డు వెనక ఏడు కొబ్బరికాయలు పాతి తొక్కించాడు. ఏడూ పగిలాయి.

"కొబ్బరికాయ తిరగబడి కొట్టదుగా," అంది జరీనా ఇప్పుడు, మెల్లగా.

బసవమ్మ ఆమె మెడ వంక చూసింది. తన చేను కోసం తను ఈ పిల్ల పసుపుకుంకాలు, కాదు, ఈ పిల్ల నల్లపూసలు పణం పెట్టింది.

రోలరు కదిలింది. ఒక సాలు. రెండో సాలు. పేలలేదు. గట్టు మీదికి మోసుకొచ్చిన మంచంలోంచి వీరయ్య ఎడమ చేత్తో బసవమ్మ కొంగు పట్టి లాగాడు.

"మందు... మందు..."

"ఇప్పుడన్నా చెప్పు. ఎక్కడ? ఆ అబ్బాయి ప్రాణం పోద్ది."

వీరయ్య ఆమె కొంగు వదిలాడు. ఎడమ చేతి వేలు మూలనున్న హద్దురాయి వైపు చాపాడు. ట్రాక్టరు ముక్కు అప్పుడే ఆ మూలకు తిరిగింది.

"దావూదూ, ఆపు! రాయి కాడ!"

ఇంజను రొదలో ఆ కేక అతనికి వినపడలేదు.

ఫట్‌మంది. ఆడవాళ్ళిద్దరూ గట్టు మీద బోర్లా పడ్డారు. ఇంజను ఆగింది. జరీనా తల ఎత్తలేదు. బసవమ్మే ముందు చూసింది. పొగ లేదు. దావూద్ నిక్షేపంగా కిందికి దిగి, రోలరు వెనక వంగి ఏదో తీసి వాసన చూశాడు. చూసి, ఆమె వైపు కాదు, మంచం వైపు చూశాడు. వీరయ్య ఎడమ చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంది దావూదూ? ఏందది?"

అతను చెయ్యి పైకెత్తాడు.

"మందేనక్కా."

అతని చేతిలో పగిలిన బ్రాందీ సీసా మూతి ఉంది.