ఏడాదికో గంట ఎండ

మా ఊరి ఆకాశమంతా సోలార్ పలకలే. వాటి అడుగున వెలిగే తెల్లటి వెలుతురుకి నీడలు పడవు. ఏడాదికోసారి కడగడానికి పలకలు తెరిచినప్పుడు, మా అంగన్‌వాడీ పిల్లల్ని ఓ గంట ఎండలో నిలబెడతాను.

"పలకలు రోజూ తాగేది ఈ ఎండనే" అని నిన్న చెబుతున్నాను. నాలుగేళ్ల హంసిని కిందికి చూసి కెవ్వుమంది.

"టీచర్, నా కాళ్లు పట్టుకుంది!"

"నీ నీడేనే. ఏమీ చెయ్యదు."

భయం తీరాక తన గుడ్డులో సగం దానికి పెట్టింది. అంతలో పలకలు మూసుకున్నాయి.

"ఏదీ?"

"భూమిలోకి వెళ్లిపోయిందిలే" అనేశాను, తొందరలో.

ఇవాళ మట్టి గురించి పాఠం. హంసిని లేదు. పెరట్లో గరిటెతో తవ్వుతోంది.

"లోపల ఊపిరాడదు కదా టీచర్. మీది కూడా అక్కడే ఉంది."

నా కాళ్ల దగ్గర చూసుకున్నాను. ఎవరూ లేరు.

కొంగు దోపుకుని నేనూ తవ్వడం మొదలుపెట్టాను.