పెట్టె మీద కోడిపిల్ల

"నిలబడి ఉంటే ముందు కూర్చో, సలూద్," అంది ఫోనులో డాక్టర్ ఎస్తేలా.

సలూద్ వంటింట్లో బియ్యం బస్తా మీద కూలబడింది. ముందు గదిలో అద్దం మూత వేసిన శవపేటికలో ఆమె భర్త ఫెలిసిమో ఉన్నాడు. మొన్న తెల్లవారుజామున రేవు దగ్గర నీళ్ళల్లో తేలాడు. పట్నంలో ఈ డాక్టరే చూశాక, నిన్న సాయంత్రం పడవలో ఇంటికి తెచ్చారు.

"నిన్న నీ చుట్టూ జనం, చెప్పలేకపోయాను. ఫెలిసిమో మునిగి చనిపోలేదమ్మా. నీళ్ళల్లో పడేసరికే ప్రాణం లేదు. తల వెనక ఎవరో బలంగా కొట్టారు. పోలీసులకు రాసిచ్చాను, మధ్యాహ్నం పడవలో వస్తారు. గుండె దిటవు చేసుకో."

సలూద్ ఫోను పెట్టేసింది. ఎవరు కొట్టారో ఎవర్నీ అడగక్కర్లేదనిపించింది. పది రోజుల్లో ఊరి ఎన్నికలు. పన్నెండేళ్ళుగా ఊరిపెద్దగా కెప్టెన్ కుర్చీకి అతుక్కుపోయిన మెల్చోర్ మీద ఫెలిసిమో పోటీకి దిగాడు. దీవిలో ఎండుకొబ్బరి అంతా మెల్చోర్ కాటాలోనే తూగాలి, ఆయన చెప్పిందే ధర. ఊరికి సొంత కాటా పెట్టిస్తానన్నాడు ఫెలిసిమో. గెలిచేట్టే ఉన్నాడు కూడా.

"వదినా, కాఫీ అయిపోయింది. ఇంకో గిన్నెడు కాచమంటావా?"

మరిది బాసిలో గుమ్మంలో నిలబడ్డాడు. రెండు రోజులుగా కంటిమీద కునుకు లేదు పాపం. టార్పాలిన్ పందిరి వేయించిందీ, శవం దగ్గర రాత్రుళ్ళు జాగారం చేసేవాళ్ళకు పేకాట బల్లలు తెచ్చిందీ, వచ్చినవాళ్ళకు బిస్కెట్లు పంచిందీ అతనే. ఇతనే లేకపోతే ఏమైపోయేదాన్నో అనుకుంది సలూద్.

"కాచు బాబూ," అని మొహం కడుక్కుని పందిట్లోకి నడిచింది.

"నలభై ఏళ్ళు ఆ సముద్రం మీదే బతికాడు. దానికేం పోయేకాలం వచ్చిందో!" పక్కింటి కరిదాద్ మామ్మ ముక్కు చీదుతూనే పేకముక్క దించింది. "నీ ఆటేరా, తొందరగా కానీ!"

అప్పుడే వీధిలో మోటారుసైకిలు ఆగింది. కెప్టెన్ మెల్చోర్ దిగాడు. వెనక ఇద్దరు మనుషులు పెద్ద పూలచక్రం మోసుకొచ్చారు. దానిమీద చచ్చినవాడి పేరు బెత్తెడు, కెప్టెన్ పేరు మూరెడు. ఎన్నికల రోజులు కదా మరి.

మెల్చోర్ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. నీడలో ఉన్నా చెమటలు కక్కుతున్నాడు.

"ఏమనాలో తెలియడం లేదు, సలూద్."

"ఏమీ అనకండి. కాఫీ తాగండి."

"ఆ రేవు మెట్లు పాచి పట్టాయని నాకు తెలుసు. ఏడాదిగా బాగుచేయిద్దాం, చేయిద్దాం అంటూనే ఉన్నాను. తప్పు నాదే. నిద్ర పట్టడం లేదంటే నమ్ము."

ఎంత బాగా నటిస్తున్నాడు! సలూద్‌కు అతని మొహాన వేడి కాఫీ కొట్టాలనిపించింది.

"సమాధి ఎప్పుడు?" అడిగాడు మెల్చోర్ గొంతు తగ్గించి.

"ఆదివారం."

"రేపే కానిచ్చేయరాదూ? ఎండలు మండిపోతున్నాయి. జనం కూడా నోటికొచ్చినట్టు..."

"జనం ఏమంటారని మీ భయం?"

"భయమా? నాకెందుకు భయం?" అన్నాడు గానీ చేతిలో కప్పు ముట్టనే లేదు.

బాసిలో వచ్చి ఆమెను పక్కకు తీసుకెళ్ళాడు. "వాడితో మాటలేమిటి వదినా? విను. చనిపోయినవాడి బదులు ఇంట్లోవాళ్ళు నిలబడొచ్చట. ఇవాళే గడువు. నువ్వు ఒప్పుకుంటే అన్న స్థానంలో నేను..."

జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"ఇటివ్వు," అంది సలూద్. "నా ఆస్తంతా పోయినా సరే, ఈ దొంగ మాత్రం మళ్ళీ ఆ కుర్చీ ఎక్కకూడదు." గోడకు ఆనించి అక్కడికక్కడే సంతకం పెట్టింది.

బాసిలో ఆమె చేతిని నుదుటికి ఆనించుకున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి గుప్పిట్లో పసుపుపచ్చని కోడిపిల్ల ఉంది. నేరుగా ముందు గదిలోకి నడిచి దాన్ని పెట్టె అద్దం మీద వదిలి, నాలుగు బియ్యపు గింజలు చల్లాడు.

పందిట్లో పేకాట ఆగిపోయింది.

హత్యకు గురైనవాళ్ళ పెట్టె మీదే అలా కోడిపిల్లను వదులుతారు. అది పొడిచే ఒక్కో పోటూ చంపినవాడి గుండెలో దిగుతుందని దీవిలో అందరి నమ్మకం. సలూద్ మేనమామను కోడిపందేల దగ్గర పొడిచినప్పుడూ అలాగే వదిలారు. తొమ్మిదో రోజున పొడిచినవాడు తనంతట తనే వచ్చి కాళ్ళ మీద పడ్డాడు.

టక్. టక్. ఫెలిసిమో మొహానికి సరిగ్గా పైన అద్దం మీద గింజలు పొడుస్తోంది పిల్ల.

మెల్చోర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇదేమిటి బాసిలో? ఇదెందుకిక్కడ?"

"మా అన్నను పొట్టన పెట్టుకున్నవాడికి తెలుస్తుందిలే, ఎందుకో!" బాసిలో అతని కళ్ళలోకి చూస్తూ అరిచాడు.

కరిదాద్ మామ్మ గబగబా శిలువ గుర్తు వేసుకుంది. మగవాళ్ళు ఒక్కొక్కరే బల్లల దగ్గర్నుంచి లేచి మెల్చోర్ వైపు కదిలారు.

"నాకేం తెలియదు! మేరీమాత మీద ఒట్టు, నాకేమీ తెలియదు!" అంటూ అతను వెనక్కి వెనక్కి నడిచాడు. కప్పు జారి కింద పడి పగిలింది.

హంతకుడా అని అరవబోయి సలూద్ నోరు తెరిచింది. అంతలోనే ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి, పెట్టె దగ్గర ఇంకో నాలుగు గింజలు చల్లుతున్న బాసిలో చేతివైపు చూసింది.

డాక్టరు చెప్పిన మాట ఆమె ఇంకా ఎవరి చెవినా వేయలేదు.