అడుగుపెడితే గోలు

"ఈ దిండు గలీబు ఉతికిందెవరు?"

హాల్లోంచి వచ్చిన ఆ కేక వింటే ఇంట్లో దొంగలు పడ్డారనుకోవాలి.

"నేనే. టీ మరక పడి వారం దాటింది," అంది భార్య.

"ఆ మరక పోగొట్టావా! క్వార్టర్ ఫైనల్ గెలిపించింది అదే కదా!"

"మరక గెలిపించిందా? ఎన్నో నంబరు చొక్కా వేసుకుని ఆడింది?"

అత్తగారు కిసుక్కున నవ్వి, కొడుకు మొహం చూసి దగ్గులోకి దింపేసింది.

ఆయనకి కళ్ళద్దాల షాపు ఉంది. పగలంతా ఊళ్ళోవాళ్ళ చూపు కొలుస్తాడు. సాయంత్రమైతే రిఫరీల చూపు కొలుస్తాడు. "వీణ్ణి నా కుర్చీలో కూర్చోబెడితే బోర్డు మీద పెద్దక్షరం కూడా చదవలేడు!" అని అరవనిదే ఆయనకి ఆట చూసినట్టుండదు. బంతిని సొంత కాలితో తన్నింది మాత్రం జీవితంలో ఒక్కసారే. అదీ పక్కింటి పిల్లల బంతి. పగిలింది తమ కిటికీయే.

ఆయన "మనవాళ్ళు" అనేది సొంత దేశం జట్టుని కాదు. అది ఫుట్‌బాల్ కప్పు పోటీల్లో తొలి మెట్టు మీదే బోర్లా పడింది. మర్నాడే ఆయన గెలిచే గుర్రం ఏదో చూసుకుని దానికి మనసిచ్చేశాడు. ఆ దేశం ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుంటాడు.

అప్పట్నుంచీ ఇంట్లో రూళ్ళు మొదలయ్యాయి. తొలి గెలుపు నాడు తల్లి ముక్కాలిపీట మీద కూర్చుంది కాబట్టి ప్రతి ఆటకీ ఆవిడకి ముక్కాలిపీటే.

"నా నడుం విరిగితే ఆ కప్పు తెచ్చి కాపడం పెడతావా ఏంట్రా?" అని ఆవిడ మూలుగు.

పక్కింటివాళ్ళు అవతలి జట్టు మనుషులు. వాళ్ళ గోల చెవిన పడితే మనవాళ్ళు నీరసపడతారని కిటికీలన్నీ బిడాయించాలి. ఇక భార్య పని టీ అందించడం.

ఆ సాయంత్రం సెమీఫైనల్. ఆట మొదలవకముందే ఆమె మెల్లగా కదిపింది.

"ఆదివారంతో చెల్లెలి బొమ్మల ప్రదర్శన అయిపోతుంది. నన్ను కూడా గీసిందట. ఆ ఒక్కపూటా వెళ్ళొస్తానండీ."

"ఆదివారం ఫైనల్! షాపువాళ్ళు, స్నేహితులు అందరూ ఇక్కడే ఉంటారు. టీలూ ఫలహారాలూ ఎవరు చూస్తారు?"

"ఇన్నాళ్ళూ నేనే చూశాను కదా."

"నిన్ను నువ్వు గోడ మీద చూసుకోవాలంటే అంత దూరం దేనికి? లోపల అద్దం ఉంది, వెళ్ళి చూసుకో."

 ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. గూట్లోని డొక్కు రేడియో గొణగడం మొదలుపెట్టింది.

"ఆ పాటల పెట్టె గొంతు నొక్కు! ఇక్కడ ఇంటర్నెట్ మీద ఆటగాడి చెమటబొట్టు కూడా కనిపిస్తోంది. మధ్యలో నీ గరగర ఒకటి!"

ఆమె తగ్గించింది.

మనవాళ్ళు వస్తూనే ఒక గోలు కొట్టారు. ఆయన గలీబుని క్షమించేశాడు. అంతలో భార్య టీ తీసుకుని హాల్లోకి వచ్చింది. కప్పు ఆయన చేతికి అందిందో లేదో, అవతలివాళ్ళు గోలు కొట్టారు. అదిరిపడ్డాడు. టీ కాస్తా ఉతికిన గలీబు మీద ఒలికింది. పోనీలే, కొత్త మరక పడిందని కొంత ఊరట. మరక వమ్ము కాలేదు. మనవాళ్ళు రెండోది కొట్టారు.

ఖాళీ కప్పు కోసం ఆమె మళ్ళీ వచ్చింది. వంగి కప్పు తీసిందో లేదో, అవతలివాళ్ళ రెండో గోలు.

ఆయన టీవీ వంక చూశాడు. భార్య వంక చూశాడు. ఊరందరి చూపూ సరిచేసిన ఆ కంటికి ఏదో మసగ్గా ఆనసాగింది.

ఆమె లోపల గిన్నెలు తోముతుండగా మనవాళ్ళు మూడోది కొట్టారు. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా మళ్ళీ మనవాళ్ళకే పెనాల్టీ! ఇక తిరుగులేదు. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఆటగాడు వెనక్కి నాలుగడుగులు వేశాడు.

"రాత్రికి అన్నమా, రొట్టెలా?" గడపలో భార్య.

బంతి గోలు కర్రకి తగిలి ఆకాశంలోకి లేచింది.

"లోపలికెళ్ళు! ముందు లోపలికెళ్ళు!"

ఆమె వెళ్ళింది. మనవాళ్ళు చావుతప్పి కన్ను లొట్టపోయి గట్టెక్కారు.

భోజనాల బల్ల దగ్గర ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకోలేదు. గొంతు సవరించుకున్నాడు.

"మూడుసార్లు వచ్చావు. మూడుసార్లూ కొంప ముంచావు. ఇది కాకతాళీయం కాదు. నా కళ్ళు నన్ను మోసం చెయ్యవు."

"ఒరేయ్, ఇది ఇక్కడ గడప దాటితే అక్కడెక్కడో బంతి పక్కకి పోతుందట్రా?" అంది తల్లి.

"నువ్వు పీట మీద కూర్చుంటేనే కదమ్మా గెలుస్తున్నాం! ఇదీ అంతే." భార్య వైపు తిరిగాడు. "అందుకని నిర్ణయించాను. ఆదివారం నువ్వీ ఇంట్లో ఉండటానికి వీల్లేదు. పొద్దున్నే మీ చెల్లెలి దగ్గరికి బయల్దేరు. ఆట ముగిసేదాకా ఈ చాయలకి రావద్దు."

"మరి టీలు?"

"నేనే పెట్టుకుంటాను. దేశం కోసం ఆమాత్రం త్యాగం చెయ్యలేనా?"

ఏ దేశం కోసమో ఎవరూ అడగలేదు.

"మీ ఇష్టమండీ," అని తల వంచుకునే లేచి ఆమె వంటింట్లోకి వెళ్ళి, ఆ ఇంటర్నెట్ టీవీ కన్నా అర నిమిషం ముందే ప్రతి గోలునూ చెప్పేసే డొక్కు రేడియోని వీపు నిమిరినట్టు నిమిరి, ఆపేసింది.