రెండు చాలు

భర్తల మీద ఫిర్యాదుల పోటీ పెడితే ఆవిడకి మొదటి బహుమతి ఖాయం. ఆయన తాగడు, తిట్టడు, బయట తిరగడు. కొలుస్తాడు. జేబులో పెన్ను ఉండాల్సిన చోట టేపు ఉంటుంది.

పోయినేడు హాల్లో గూడు కొలిచి బీరువా తెచ్చాడు. కొలిచింది నేల దగ్గర. పైన గోడ రెండు వేళ్ళు ముందుకొచ్చిన సంగతి బీరువాకి తెలిసింది గానీ ఆయనకి తెలియలేదు. ఒకసారి తలెత్తి చూడొద్దా అని ఆవిడ అడిగితే, “నా కొలత సరిగ్గానే ఉంది. గోడదే తప్పు,” అన్నాడు. బీరువా ఇప్పటికీ హాలు మధ్యలోనే ఉంది. ఆ ఇంట్లో తప్పులన్నీ గోడలవి, తలుపులవి, చెప్పులవి. ఆయనది ఇంతవరకూ ఒక్కటీ లేదు.

ఇంటి ముందు గదే ఆయన కొట్టు. కొండలెక్కేవాళ్ళకి తాళ్ళూ హెల్మెట్లూ అమ్ముతాడు. ఆయనకి మాత్రం స్టూలెక్కినా కళ్ళు తిరుగుతాయి.

ఆ కొట్టుకి మూడు రోజులుగా ఒక పొడుగమ్మాయి వస్తోంది.

ఊరవతల కొండకి నిలువునా ఒక వెడల్పాటి పగులుంది. ఆదివారం దాన్ని ఎక్కుతుందట. పైదాకా ఎక్కినవాళ్ళు ఇంతవరకూ లేరట. సన్నటి పగులైతే వేళ్ళు దూర్చి ఎక్కెయ్యొచ్చు. ఇందులో పిడికిలి పెట్టినా జారిపోతుంది. మోకాలు, భుజం దూర్చి పాకాలి. జారితే కాపాడేవి క్యామ్‌లే. మీట లాగితే వాటి రెక్కలు ముడుచుకుంటాయి. పగులులో పెట్టి వదిలితే విచ్చుకుని రెండు వైపులా రాతిని పట్టేస్తాయి. తాడు వాటికే తగిలిస్తారు. పగులు ఆ సైజుకి మించి వెడల్పైందా, రెక్కలు దేన్నీ పట్టవు. అప్పుడు మనిషి నేలమీదే ఆగాలి.

ఏ సైజువి, ఎన్ని పట్టుకెళ్ళాలి? మూడు రోజులుగా అదే చర్చ. మూడు రోజులుగా వంటింటికీ కొట్టుకీ మధ్య తలుపు తెరిచే ఉంది. ఆవిడ మూయనివ్వలేదు.

ఆయన ఆ అమ్మాయి పిడికిలి కొలిచాడు. రెండు పిడికిళ్ళూ పక్కపక్కన పెట్టించి కొలిచాడు. మోకాలు వంచమని అదీ కొలిచాడు. మధ్యలో ఏదో అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది, ఆయనా నవ్వాడు. ఆయన పళ్ళు చూసి ఆవిడకి చాలా కాలమైంది.

అత్తగారు బీన్స్ ఈనెలు తీస్తోంది. చేతులు కాయల మీద, చూపు గుమ్మం మీద.

“మోకాలు కొలుస్తున్నాడే.”

“చూశానత్తయ్యా.”

“నువ్వేమీ అనవేం?”

“ఎంత బాగా వంగుతోందో చూడండి,” అంది కోడలు. ఆ మాట వేడికి బీన్స్ ఉడికిపోవాలి.

ఆ అమ్మాయి చేతుల వెనక రాతికి గీసుకుపోయిన ఎర్రటి చారలున్నాయి. ఆవిడ కళ్ళు వాటి మీంచి కదల్లేదు. తన చేతులు చూసుకుంది. గిన్నెల సబ్బు వాసన. ఆదివారం వాన పడాలని కోరుకుంది. జల్లు చాలదు, పొద్దున్నే మొదలై రోజంతా పడాలి.

కాఫీ ఇమ్మని కొట్టులోంచి కేక. ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది కాబట్టి ఆవిడ కప్పులు ఎప్పుడూ ముప్పావుకే నింపుతుంది. “థాంక్సాంటీ,” అంది ఆ అమ్మాయి. ఆ ‘ఆంటీ’కి మర్నాడు ఆ కప్పులో పంచదార సగమైంది.

మూడో రోజుకి లెక్క తేలింది.

“పెద్దవి రెండు చాలు,” అన్నాడు ఆయన. “ఒకటి కింద పగులులోనే వదిలెయ్. రెండోది నీతోపాటు పైకి జరుపుకుంటూ వెళ్ళు. మూడోది అనవసరపు బరువు.”

“పైన కూడా ఇంతే వెడల్పా, అంకుల్?”

“నేనే వెళ్ళి కొలిచాను.”

ఎక్కడ నిలబడి కొలిచాడో ఆ అమ్మాయి అడగలేదు. ఇదివరకు ఎవరో పడ్డారని విన్నానంది.

“అది రాయి తప్పు. పైన పొడి రాలుతుంది.”

వంటింట్లో కుళాయి ఆగింది.

ఆవిడ మసిగుడ్డతో చెయ్యి తుడుచుకుంది. ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య సందులో ఎప్పట్నుంచో బిగించి ఉన్న పాత కొక్కేనికి ఆ గుడ్డని ఎప్పటిలా తగిలించింది. తను ఊరుకుంటే ఆదివారం ఆ పిల్ల పైదాకా వెళ్ళదు. ఊరుకోవడం ఎంతో సులువు. ఆవిడ ఒక నిమిషం అలా సులువుగా నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి.

తర్వాత గుడ్డ తీసి భుజాన వేసుకుని, కొక్కెం పక్కనున్న మీట లాగింది. సందులో అరచేతులంత రెక్కలు టక్కున ముడుచుకున్నాయి. అంత పెద్ద సైజు క్యామ్ ఆయన కొట్టులోనే లేదు.

మెల్లగా నడిచి వెళ్ళి దాన్ని బల్ల మీద, ఆ రెండింటి పక్కన పెట్టింది.

“ఇదీ పెట్టుకో,” అంది.

“మసిగుడ్డ కొక్కెం ఇప్పుడెందుకు?” అన్నాడు ఆయన. “రెండు చాలన్నానుగా. బరువు.”

“మోస్తుంది. మోకాళ్ళు కొలిచారుగా, బాగానే ఉన్నాయి.”

అత్తగారు బీన్స్ గిన్నెతో సహా గుమ్మంలోకి వచ్చేసింది. పొడుగమ్మాయి భార్యాభర్తలిద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

“కావాలా అంకుల్, అక్కర్లేదా?”

ఆయన టేపు బయటికి లాగాడు. అది దానంతటదే లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ లాగాడు. ఎదురుగా భార్య, ఎడమ కాలి మీద బరువు పడకుండా బల్ల పట్టుకుని నిలబడి ఉంది. ఆయన టేపు బల్ల మీద పెట్టేశాడు.

“తీసుకెళ్ళమ్మా, పన్నెండేళ్ళ కిందట మీ ఆంటీని కూడా ఇదే పగులుకి రెండు చాలని చెప్పి పంపాను, తప్పు రాయిది కాదు, నాది.”