పుస్తకంల లేని జవాబు

బడి గేటు ముందట ఆటో ఆగింది. పన్నెండు గూడ కాలేదు. వాణి టీచర్ పాఠం ఆపి కిటికీల నుంచి చూసింది. ఆర్మూర్‌ల ఈ యాళ్ల బడికి ఆటో వచ్చిందంటే ఎవరింటికో చెడ్డ కబురు వచ్చినట్టే. పోయిన నెల గిట్లనే వచ్చి శ్రావణ్‌ను తోలుకపోయిన్రు. వాళ్ల నాన్న సౌదీ నుంచి శవపెట్టెల వచ్చిండు.

"టీచర్, ఇంకో ప్రశ్న!" నాలుగో తరగతి పిల్లలు లొల్లి పెట్టిన్రు.

వాణి చూపును పుస్తకం మీదికి గుంజుకున్నది. "కల్లంల ఆరబోసిన పసుపు మీద అందరు ఉరికురికి తాటిపత్రులు కప్పుతున్నరు. ఎందుకు?"

"దొంగలొచ్చిన్రని!" అన్నడొకడు. అందరు నవ్విన్రు.

"వాన వస్తదని," అన్నది అంకిత.

"వాన అని పుస్తకంల ఉన్నదా?"

"లేదు టీచర్. చూస్తే సమజయితది."

"గంతే బిడ్డా. చెప్పంది గూడ చూసి తెలుసుకోవాలె."

బయట హెడ్మాస్టర్ రాజేశ్వర్ సారు ఆటో కాడికి ఉరికిండు. లోపలి మనిషితోని ఏదో మాట్లాడిండు. తల పట్టుకున్నడు. తిరిగి ఈ తరగతి దిక్కే చూసిండు.

అంకితే! ఖతర్‌ల ఉన్న నాన్న అయిదు రోజుల సంది ఫోన్ చేస్తలేడని పొద్దున్నే ఏడ్చింది పిల్ల. వాణి పెనిమిటి గూడ దుబాయిలనే ఉన్నడు గని, ఆయన రాత్రే మాట్లాడిండు. నా తాళి కాదు అని ఒక్క నిమిషం పానం నిమ్మళమయింది. ఆ వెంటనే, ఛీ, నేనేం మనిషిని అని తన్ను తానే తిట్టుకున్నది.

రాజేశ్వర్ సారు తలుపు కాడికి వచ్చిండు. మొఖంల నెత్తురు చుక్క లేదు. ఆయన వెనుక మూడో తరగతి చెప్పే వినోద టీచర్, చేతిల నాలుగో తరగతి పుస్తకం.

"వాణి మేడం, జర బయటికి రాండ్రి."

"ఆగుండ్రి సార్. పిల్లకు నేనే చెప్త."

సారు వినోద టీచర్ దిక్కు చూసిండు.

వాణి అంకిత పుస్తకాలన్ని బ్యాగుల సర్దింది, టిఫిన్ డబ్బా గూడ పెట్టింది. "పా బిడ్డా, ఇంటికి పోదాం."

అంకిత కదలలేదు. తలుపు దిక్కు చూసింది, టీచర్ దిక్కు చూసింది.

"నా కోసం కాదు టీచర్," అన్నది మెల్లగ. "నా కోసమే అయితే, మీ బదులు మాకు పాఠం చెప్పనీకి వినోద టీచర్ ఎందుకొస్తది?"